కన్నులకందని కొలత

మన విశాఖపట్టణమున పెద్ద వస్తువులకు కొదువ లేదు. రేవులో నిలిచిన ఓడలును, ఉక్కు కర్మాగారపు కొలుములును, సముద్రమునకు చొచ్చుకొనివచ్చిన డాల్ఫిన్సు నోసు కొండయు ఎంతో దూరమునుండియే కానవచ్చును. అయినను ఈ పట్టణమున తయారగు ఉక్కు కడ్డీ బలమునకు కారణము మాత్రము ఏ కంటికిని కానరాదు. అట్టి సూక్ష్మవస్తువులను కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాడు ప్రమాణము నానోమీటరు.

ఒక మీటరును నూఱు కోట్ల సమభాగములు చేసినయెడల అందొక భాగము నానోమీటరగును. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 మొదలు 1,00,000 నానోమీటర్ల వఱకు ఉండును. కర్బనము తగుపాళ్లలో గల ఉక్కునందు ఇనుమును, ఇనుము కర్బనముతో కూడిన పదార్థమును పలుచని పొరలుగా ఒకదాని ప్రక్క నొకటి అమరియుండును. ఆ పొరల నడిమి యెడము తఱచుగా కొన్ని వందల నానోమీటర్లే. ఉక్కును త్వరగా చల్లార్చినకొలది ఈ పొరలు సన్నబడును. సన్నబడినకొలది ఉక్కు గట్టిపడును. ఇంత చిన్న కొలతలయందు పదార్థమును తీర్చిదిద్ది ఉపయోగించుకొను విద్యకే నానోటెక్నాలజీ యని పేరు.

మంచి సూక్ష్మదర్శిని యున్నచో వీనినన్నిటిని చూడవచ్చును గదా యని కొందఱు అడుగవచ్చును. వల కన్నుకంటె చిన్నదైన చేప వలలో నిలువదని మన బెస్తవారెఱుగుదురు. వెలుతురును అట్టిదే. మనకు కానవచ్చు వెలుతురు తరంగముల పొడవు సుమారు 400 మొదలు 700 నానోమీటర్లు. అందువలన సుమారు 200 నానోమీటర్లకు లోబడిన వివరములు సామాన్య సూక్ష్మదర్శినిలో విడివిడిగా కనబడక ఒకటిగా కలిసిపోవును.

మఱి శాస్త్రజ్ఞులు వానిని ఎట్లు తెలిసికొనిరి? ఇందుకు ఓడవారి పాత పద్ధతియే చక్కని దృష్టాంతము. నీటి అడుగు వారికి కానరాదు. సీసపు గుండును త్రాటికి కట్టి నీట విడిచి, అది నేలను తాకినపుడు త్రాటి పొడవునుబట్టి లోతును తెలిసికొనుచుండిరి. అట్లు పెక్కుచోట్ల తాకిచూచి సముద్రగర్భమునకు పటము వ్రాసిరి.

1986వ సంవత్సరమున గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టోఫ్ గెర్బర్ అను మువ్వురు ప్రకటించిన పరమాణు బల సూక్ష్మదర్శిని పనిచేయు తీరు ఇంచుమించు ఇదియే. స్ప్రింగువలె వంగు చిన్న రేకు కొనయందు మిక్కిలి వాడియైన సూది యుండును. ఆ సూది వస్తువు ఉపరితలమును తడవుచు వరుస వెంట వరుసగా సాగును. మిట్ట వచ్చినచోట రేకు పైకి లేచును. పల్లము వచ్చినచోట క్రిందికి దిగును. రేకుపై బడి మరలు లేజరు కిరణము ఆ కదలికను తెలుపును. కంప్యూటరు ఆ లెక్కలన్నిటిని కూర్చి పటముగా గీయును. ఈ విధమున లభించిన పటములలోని రంగులు పిమ్మట మనుష్యులు చేర్చినవే.

చదువరులు ఇచ్చట ఒక సంగతిని గమనింపవలెను. ఈ యంత్రము ఆ లోకమును చూచినది కాదు, తడవి తెలిసికొన్నది. తడవి తెలిసికొనుటలో మన వ్రేలును తక్కువది కాదు. 13 నానోమీటర్ల ఎత్తు గల ముడుతలను సయితము మనుష్యుని వ్రేలు నునుపైన తలమునుండి వేఱుగా గుర్తింపగలదని స్వీడను దేశపు పరిశోధకులు 2013లో ప్రకటించిరి. సామాన్య సూక్ష్మదర్శినికి లొంగని కొలత వ్రేలికి లొంగినది!

ఇట్లుండగా చూపులేనివారికి విజ్ఞానశాస్త్రము తగదనుట న్యాయమగునా? మచిలీపట్టణము చెంత సీతారామపురమున అంధుడై జన్మించిన బొల్లా శ్రీకాంత్ పదవ తరగతిలో మంచి మార్కులతో నుత్తీర్ణుడై, ఇంటర్మీడియేటునందు సైన్సు చదువగోరెను. పటములును రేఖాచిత్రములును అంధులకు సాధ్యము కావని ఆనాటి నియమములు అడ్డువచ్చెను. ఆయన న్యాయస్థానము నాశ్రయించి అనుమతి పొందెను. పాఠములను ధ్వనిరూపమున విని చదివి 98 శాతము మార్కులు సంపాదించెను. 2009లో అమెరికాయందలి మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశించి, విదేశములనుండి అచ్చటికి వచ్చిన అంధ విద్యార్థులలో ప్రథముడాయెను. తరువాత 2012లో హైదరాబాదునందు బొల్లాంట్ ఇండస్ట్రీసు అను పరిశ్రమను స్థాపించి, పెక్కుమంది వికలాంగులకు పని కల్పించెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, ప్రభుత్వ సహాయము గాని గుర్తింపు గాని పొందిన పాఠశాలలు ఇట్టి బాలబాలికలను భేదము లేక చేర్చుకొని, వారి అవసరమునకు తగిన యేర్పాట్లు చేయవలెను. చట్టము తలుపు తెఱచును. లోనికి తీసికొనిపోవలసినవారు ఉపాధ్యాయులును తోటి విద్యార్థులును. ఇందులకు గొప్ప ధనము అక్కఱలేదు. నల్లబల్లపై వ్రాయుచున్నదానిని పైకి చదువవచ్చును. అట్టపై దారము నంటించి రేఖాచిత్రమును వ్రేలికి తెలియునట్లు చేయవచ్చును. బంకమట్టితో పరమాణువుల అమరికను చేసి చేతికీయవచ్చును. ప్రయోగశాలలో ఒక స్నేహితుడు ప్రక్కన నిలిచి కొలతలు చదివి చెప్పవచ్చును. చూపు గల విద్యార్థులకును ఇట్టి బోధనవలన లాభమే. ఏలయన నానోమీటరును వారును కంటితో చూడలేరు, మాటలవలనను నమూనాలవలనను గ్రహింపవలసినదే.

కావున విద్యార్థులారా, శాస్త్రమునకు ముఖ్యముగా వలసినవి ప్రశ్నించు బుద్ధియు, ఓపికతో పరీక్షించు అలవాటును. ఇవి గలవారెవరైనను మన సైన్సు తరగతి వాకిట నిలిచినపుడు, వారికి చోటు లేదనక, ఏ విధముగా బోధింపవలెనో ఆలోచించుటయే మన ధర్మము.