అంబాసిడరును, ఎస్‌యూవీయును

మా వాకిట నిప్పుడు రెండు కార్లు నిలిచియున్నవి. ఒకటి చిరకాలముగా మమ్ము మోసిన అంబాసిడరు. రెండవది మా కుమారుడు ఇటీవల కొనితెచ్చిన టాటా నెక్సాన్. చూడవచ్చిన సోదరీమణు లెల్లరును వీనిలో నేది మేలని మమ్మడుగుచున్నారు.

అంబాసిడరునకు మాతృక ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు. వంగదేశమందలి ఉత్తరపారా కర్మాగారమున దీని నిర్మాణము 1957లో ఆరంభమై, 2014 మే మాసమున నిలిచిపోయెను. మా కారునందు గేరుకడ్డి స్టీరింగు చెంతనే యుండుటచే ముందుసీటు బల్లవలె ఏకముగా నుండును. ముగ్గురు సుఖముగా గూర్చుండవచ్చును. మా అత్తగారు చీర కుచ్చెళ్లు చెదరకుండ దానిలో గూర్చుండి, పిదప కాళ్లు లోనికి దీసికొందురు. క్రొత్త కారు నేలకు 200 మిల్లీమీటర్లకు పైగా ఎత్తున నున్నది. "అమ్మాయీ, ఇది ఎక్కవలెనన్న నిచ్చెన కావలెనే!" అని ఆమె మొదటి దినముననే యనిరి.

చూపునకు భారీగా దోచినను నెక్సాన్ పొడవు నాలుగు మీటర్లలోపే. అంబాసిడరే దానికన్న పొడవైనది. నాలుగు మీటర్లు దాటని చిన్న యింజను కార్లకు పన్ను తక్కువ యగుటయే యీ కుఱుచదనమునకు గారణము. తోలుటయందు మాత్రము పోలికయే లేదు. పాత స్టీరింగును సందులో ద్రిప్పునప్పటికి మా భుజములు పీకెడివి.

పాత కారు రేకు మందము గనుక క్షేమమని పలువురు తలంతురు. మేమును అట్లే తలంచితిమి. కాని నలుగని ముందుభాగము దెబ్బను లోనివారికే యందించును. క్రొత్త కారు ముందుభాగము తాను నలిగి యా దెబ్బను మ్రింగునట్లు నిర్మింపబడినది. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షయందు నెక్సానునకు పెద్దల రక్షణలో ఐదు నక్షత్రములును, బాలల రక్షణలో మూడును లభించెను. 2024లో క్రొత్త రూపు నెక్సానునకు రెండింటను ఐదేసి వచ్చినవి.

ఆరు మాసముల క్రిందట, మూడేండ్ల మనుమని ఒడిలో నుంచుకొని అంబాసిడరు ముందుసీటున గూర్చుంటిమి. మేక యొకటి అడ్డువచ్చెను. బ్రేకు వేయగానే బిడ్డ మా చేతులనుండి జాఱి నుదురు కొట్టుకొనెను. వేగము ముప్పదియైనను లేదు. తప్పు బండిది కాదు, మాదే. ఇంటికి వచ్చి మా కుమారుడు లెక్క కట్టి చూపెను: 50 కిలోమీటర్ల వేగమున బోవు కారు ఢీకొని అర మీటరులో నిలిచినచో, 14 కిలోల బిడ్డను పట్టుట సుమారు 275 కిలోల బరువును పట్టుటయే! ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. పదునాలుగేండ్లలోపు బిడ్డకు బెల్టుగాని పిల్లల సీటుగాని లేనిచో వేయి రూపాయల జుల్మానా యని 2019 నాటి చట్టసవరణ చెప్పుచున్నది. మేము దానిని చదివియే యుండలేదు.

ఇప్పుడు నెక్సాన్ వెనుకసీటున బిడ్డకు వేఱుగా పిల్లల సీటు బిగించితిమి. వెనుకకు మొగమై కూర్చుండు పసిపిల్లల సీటును, ఎయిర్‌బ్యాగు పనిచేయుచున్న ముందుసీటున ఎన్నడును ఉంచరాదని సోదరీమణులు గుర్తెఱుగవలెను. అత్తగారికై ప్రక్కన మెట్టొకటి పెట్టించితిమి. ఆమె మాత్రము శుక్రవారము గుడికి పాత కారులోనే పోవుదురు. మనుమని దానిలో నెక్కనీయము. వాడు ఆ ముందుసీటు కొఱకు నేటికిని మారాము చేయుచునే యున్నాడు.