నసీబు అంటే వాటా

చేవెళ్ళ, మొయినాబాద్ పల్లెలలో 'నసీబు' అనే మాట అన్ని మతాల వారి నోటా వినిపిస్తుంది. పంట చేతికందితే నసీబు బాగున్నదంటారు. కుదిరిన సంబంధం తప్పిపోతే నసీబుల లేదంటారు. మన వాడుకలో దీని అర్థం అదృష్టం, తలరాత.

అరబీలో ఈ పదానికి మొదటి అర్థం వాటా. అంటే ఒకరికి నిర్ణయించి ఉంచిన భాగం. నిలబెట్టడం, పాతడం అనే అర్థాలున్న ధాతువు నుండి అది పుట్టింది. 'కిస్మత్' కూడా ఇటువంటిదే. అరబీలో దాని అర్థం పంపకం. ఈ మాట తుర్కీ భాష ద్వారా, ఉస్మానీయుల పాలనలో బల్గేరియాకు చేరింది. నేటికీ ఆ దేశపు క్రైస్తవులు సైతం అదృష్టాన్ని 'కస్మెత్' అనే పిలుస్తారు. ఫార్సీ, ఉర్దూల మీదుగా అదే పదం మన దక్కనుకూ వచ్చింది.

పంపకానికి సంబంధించిన మాట అదృష్టంగా ఎలా మారింది? విశ్వప్రభువు ఎవరికెంత పంచాడో అదే వారి రాత అనే భావన వల్ల. సంస్కృతంలోనూ ఇదే జరిగింది. 'భాగం' నుండే 'భాగ్యం' పుట్టింది.

ఈ మార్పులో ఒక ప్రమాదం ఉన్నది. దివ్య ఖుర్ఆన్‌లో సూరె నిసా ఏడవ ఆయతు చూడండి. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచివెళ్ళిన ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా, అందులో పురుషులకూ స్త్రీలకూ విధిగా భాగమున్నదని అది ప్రకటిస్తుంది. అక్కడి పదం 'నసీబ్'. ఆ వెంటనే ఎనిమిదవ ఆయతులో, పంపకం జరిగే చోటికి వచ్చిన బంధువులకూ అనాథలకూ పేదలకూ కొంత ఇవ్వమన్న ఆదేశం ఉన్నది. అక్కడి పదం 'ఖిస్మత్'. మనం తలరాతకు పెట్టుకున్న రెండు పేర్లూ అక్కడ ఆస్తి పంపకానికి చెందినవే.

మన ప్రాంతంలో ఇది కేవలం నిఘంటువు చర్చ కాదు. జంట జలాశయాల రక్షణకై 1996లో వచ్చిన 111వ జీవో 84 గ్రామాలలో నిర్మాణాలను కట్టడి చేసింది. అయినా నగరం దగ్గరపడేకొద్దీ ఎకరాల లెక్క గజాలలోకి దిగింది. భూమి ధర పెరిగిన ఇంట ఆడబిడ్డ సంతకం అవసరమవుతుంది. "పెళ్ళికి ఖర్చు పెట్టాము గదా చెల్లె" అని అన్న అంటాడు. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో ఆమె "నా నసీబు ఇంతే" అని వేలిముద్ర వేస్తుంది.

ఆమె నసీబు అంత కాదు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతుకు మించని వసియ్యతు తీర్చాక మిగిలిన ఆస్తిలో ఆమె భాగం నిర్ణయమై ఉన్నది. వేరే వారసులు లేక ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే మూడెకరాలలో ఎకరం ఆమెది. పెళ్ళిలో పెట్టినది దానికి బదులు కాదు. తన వాటా చేతికందిన తరువాత ఇష్టపూర్వకంగా అన్నకిస్తే అది కానుక. మొహమాటపెట్టి ముందే రాయించుకుంటే అది తోబుట్టువు హక్కును తినివేయడమే.

విధివ్రాతపై విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. అయితే అల్లాహ్ నిర్ణయించిన వాటాను మనిషి ఆపి, ఆ నేరాన్ని విధిపై మోపడం విశ్వాసం అనిపించుకోదు. సోదరులారా, కాగితం ముందుకు జరిపే ముందు ఆలిముతో వాటాల లెక్క వేయించండి. సోదరీమణులారా, నసీబు అన్నప్పుడు ఆ మాటకున్న మొదటి అర్థాన్ని గుర్తు చేసుకోండి.