బాక్సులో పెట్టిన బిడ్డ, బెరా పరీక్ష

హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేచోట కాసేపు నిలబడండి. నిప్పుల మీద మెత్తబడిన లక్కను సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కో రాయినీ అద్ది నొక్కుతుంటారు. లక్క గాజుకు గలగల తక్కువ. పక్క దుకాణంలోని మట్టిగాజులు అలా కాదు, చెయ్యి కదిపితే చాలు మోగుతాయి. మన ఇళ్లలో పసిపిల్లల చెవి పరీక్షకు ఇవే సాధనం. అమ్మమ్మ పొత్తిళ్ల పక్కన చెయ్యి ఆడిస్తుంది. బిడ్డ ఉలిక్కిపడితే "వినబడుతోందిలే" అని నిమ్మళపడుతుంది.

పుట్టగానే ఏడవక, ఉమ్మనీరు మింగి, లేదా నెలలు నిండకుండానే పుట్టి బాక్సులో (ఇంక్యుబేటర్‌లో) పెట్టాల్సివచ్చిన బిడ్డ విషయంలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి. చెవిలో పడిన ఆ చప్పుడు మెదడు కాండం గుండా సాగడానికి ఎంతసేపు పట్టింది?

దాన్ని కొలిచేదే బెరా పరీక్ష. బిడ్డ నిద్రలో ఉండగా నుదుటి మీద, చెవుల వెనక సన్నటి తీగలు అతికిస్తారు. చెవిలో టిక్కు టిక్కుమని చప్పుడు వినిపిస్తారు. ప్రతి టిక్కుకూ చెవి నరంలోంచి మెదడు కాండం వరకు అలలు లేస్తాయి. సెకనులో వందోవంతు గడిచేలోపే అంతా అయిపోతుంది. పచ్చకామెర్లు ముదిరితే దెబ్బతినేది ఈ దారే కాబట్టి ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లలకు డాక్టర్లు ఈ పరీక్ష రాస్తారు.

వినికిడి కోసం చేసే ఈ పరీక్షలోనే ఆటిజం జాడ దొరుకుతుందా అని అమెరికా పరిశోధకులు వెతికారు. ఫ్లోరిడాలో 1,39,154 మంది నవజాత శిశువుల పరీక్షల రికార్డులను తిరగేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో తర్వాత ఆటిజం ఉన్నట్టు తేలినవారు 321 మంది. ఆ పిల్లల అలలు సగటున కొంచెం ఆలస్యంగా వచ్చాయి.

అంతకుముందే, 2010లో, న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్ పరిశోధకులు ఐసీయూ నుంచి ఇంటికి వెళ్లిన పిల్లలనే ఏళ్ల తరబడి గమనించి రాశారు. తర్వాత ఆటిజం బయటపడిన 28 మందిలో, మిగతా పిల్లలతో పోలిస్తే ఎక్కువమందికి నెల వయసుకే కదిలే వస్తువు వెంట చూపు సరిగా సాగలేదు, చేతుల బిగువులో తేడా కనిపించింది. నాలుగు నెలలు వచ్చినా వాళ్లు అప్పుడే పుట్టిన బిడ్డల్లా ఎక్కువ మిలమిలలాడే దృశ్యాల వైపే మొగ్గారు.

వీటన్నిటి వెనుకా మెదడు కాండమే ఉందని ఈ పరిశోధకుల అనుమానం. ఊపిరి, గుండె లయ, నిద్ర, మెలకువ దాని అధీనంలోనివే. పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందకపోతే అదీ నలుగుతుంది. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకోవడం కూడా ఈ కాండం నడిపించేదే. అందుకే బాక్సు పక్కన మానిటర్ మీద పరుగెత్తే గుండె గీతను కూడా పరిశోధకులు ఇదే దృష్టితో చదువుతున్నారు.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. సగటులో కనిపించిన తేడా మీ బిడ్డ జాతకం కాదు. బెరాలో అలలు ఆలస్యమైన పిల్లల్లో అత్యధికులకు ఆటిజం రాదు, బెరా బాగున్నవాళ్లకూ రావచ్చు. పుట్టిన నెలలోనే ఆటిజాన్ని తేల్చే పరీక్ష ఇవాళ్టికి ఏదీ లేదు.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవద్దు. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ సంస్థ అధ్యయనం దేశంలో ఐదుచోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరీక్షించింది. అందులో హైదరాబాద్ ఒకటి. ఆటిజంతో సహా ఎదుగుదల లోపాల ముప్పు ఎవరికి ఎక్కువో చూస్తే పుట్టినప్పుడు ఊపిరి అందనివాళ్లు, తక్కువ బరువుతో లేదా నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పురిట్లోనే జబ్బుపడినవాళ్లు ఆ వరసలో ఉన్నారు. పాతబస్తీ ఇళ్ల నుంచి పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికో, నీలోఫర్ పిల్లల ఆసుపత్రికో పరుగెత్తుకెళ్లిన తల్లుల పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరో.

బిడ్డ బతికి బయటపడ్డాడన్న సంబరంలో డిశ్చార్జి కాగితం బీరువాలోకి పోతుంది. తిరిగి రమ్మన్న తేదీ ఎవరికీ గుర్తుండదు. పేరు పెట్టి పిలిచినా తిరగని పిల్లాడిని చూసి "వాళ్ల నాన్న కూడా మూడేళ్లకే మాట్లాడాడు" అని సర్దిచెప్పుకుంటారు. నాకు బాధ కలిగించేది ఈ మాటే. మెదడు వేగంగా రూపుదిద్దుకునే కాలమంతా అలా చేజారిపోతుంది.

కాబట్టి ఆ కాగితం తీయండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును డాక్టర్ చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కించండి. మూడు నెలలకు మిమ్మల్ని చూసి నవ్వుతున్నాడా, ఏడాది దగ్గరపడేసరికి పేరు పిలిస్తే తిరుగుతున్నాడా, ఏడాది దాటాక కావలసింది వేలితో చూపిస్తున్నాడా గమనించండి. అనుమానం వస్తే ఆటిజం అని తేలేదాకా ఆగక్కర్లేదు. జిల్లా సత్వర చికిత్సా కేంద్రం (డీఈఐసీ) ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, బెరా రిపోర్టు రెండూ తీసుకెళ్లండి.