విద్యుత్ సైకిలుపై ఉక్కునగర యాత్ర

జంషెడ్‌పూర్ నేల మీద వెలియడానికి ముందే కాగితం మీద వెలిసిన నగరం. 1902లో జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి ఒక ఉత్తరం వ్రాశారు. అప్పటికి కర్మాగారం లేదు, దానికి స్థలమైనా నిర్ణయం కాలేదు. అయినా రాబోయే ఆ పట్టణానికి వెడల్పైన వీధులు కావాలనీ, త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లు నాటాలనీ, పచ్చిక బయళ్లకూ ఆటస్థలాలకూ ధారాళంగా చోటు విడవాలనీ, హిందువుల ఆలయాలకూ ముస్లింల మసీదులకూ క్రైస్తవుల చర్చిలకూ స్థలాలు కేటాయించాలనీ ఆయన కోరారు. ఎంతో ప్రసిద్ధమైన ఆ వాక్యాలలో తిండి ప్రసక్తి మాత్రం లేదు. ఉండవలసిన అవసరమూ లేదేమో! దూరదేశం నుండి కూలికి వచ్చేవాడు తన తిండిని తన నాలుక మీదనే తెచ్చుకుంటాడు.

అలా వచ్చి చేరిన తిండిని వెదుక్కుంటూ పోతే ఈ నగరం మరింత బాగా అర్థమవుతుందని నాకు చూపినవాడు ఒక తెలుగు యువకుడు. అతని వద్ద నాలుగు విద్యుత్ సైకిళ్లు ఉన్నాయి. తెల్లవారుజామున ఇద్దరినో ముగ్గురినో వెంటబెట్టుకొని బయలుదేరి, ఊరు చూపి, మధ్యలో నాలుగైదు చోట్ల ఆపి తినిపించి, ఎండ ముదరకముందే వెనుకకు తీసుకొని వస్తాడు. అతని ముత్తాత టెక్కలి ప్రాంతం నుండి, అది ఇంకా గంజాం జిల్లాలో ఉన్న రోజులలో, రైలెక్కి వచ్చాడట. చుట్టుపక్కల జిల్లాలవారి నోటిలో ఈ ఊరు జంషెడ్‌పూర్ కాదు, ‘టాటా’. “ముత్తాత టాటా ఒచ్చినప్పుడు చేతిలో ఒక చెంబు, ఒక దుప్పటి. అంతే మాస్టారూ” అన్నాడు ఆ యువకుడు, సైకిలు నా చేతికి అందిస్తూ.

ఈ వాహనాన్ని గురించి నాలుగు మాటలు. చూడడానికి మామూలు సైకిలే. వెనుక చక్రపు ఇరుసులో చిన్న మోటారు, చట్రానికి బిగించిన లిథియం బ్యాటరీ అదనం. మనం తొక్కుతున్నప్పుడు మోటారు తోడు పడుతుంది. తొక్కడం ఆపితే అదీ ఆగుతుంది. 250 వాట్లకు మించని మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా నడిచే ఇటువంటి వాహనానికి మన దేశపు నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. మూడు నాలుగు గంటలు చార్జి చేస్తే మా యాత్రకు అవసరమైన పాతిక కిలోమీటర్లూ సునాయాసంగా సాగుతుంది. జంషెడ్‌పూర్ చోటానాగపూర్ పీఠభూమి అంచున ఉన్న ఊరు. వీధులు ఒక చోట ఎక్కుతాయి, ఒక చోట దిగుతాయి. అరవై ఏళ్లు నిండిన నాబోటివాడికి ఆ ఎత్తులమీద వెనుకనుండి ఎవరో మెల్లగా నెట్టుతున్నట్లు ఉండడం ఎంత హాయిగా ఉన్నదో చెప్పలేను. మోటారుకారులో పోతే వాసనలు తెలియవు, నడిచి పోతే ఊరు తరగదు. ఈ రెంటి నడుమ ఉన్న వేగం ఇది.

సంక్రాంతికి వారం రోజులున్నది. ఆరు కాకముందే బిష్టుపూర్‌లో బయలుదేరాము. చలి చెవులను కొరుకుతున్నది. కర్మాగారంలో ఆరింటికి, రెండింటికి, పదింటికి షిఫ్టులు మారుతాయి. ఒకప్పుడు ఆ వేళలలో ద్వారాల వద్ద సైకిళ్ల ప్రవాహం వీధులను నింపివేసేది. ఇప్పుడు వాటి స్థానంలో మోటారు సైకిళ్లు. ఎనిమిది గంటల పనిదినం ఈ కర్మాగారంలో 1912లోనే అమలులోకి వచ్చింది. అనేక దేశాలలో కార్మికులు దానికై ఇంకా పోరాడుతున్న కాలమది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి నమస్కరించి, దానికి కొంత దూరంలో ఒక తోపుడుబండి వద్ద మొదటి మజిలీ చేశాము. వేడి ఇడ్లీ, వేరుశనగ పచ్చడి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన ఒక సర్దార్జీ, ఇద్దరు బెంగాలీలు, ఒక సంతాల్ యువకుడు నిలబడి తింటున్నారు. బండి నడిపే ఆమె సర్దార్జీతో హిందీలో, నాతో తెలుగులో, బెంగాలీలతో బెంగాలీలో పలికింది. ఆమె ఏ భాషలో లెక్క కడుతుందోనని గమనించాను. తెలుగులోనే!

అక్కడినుండి కదమా. ఇది తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన పేటలలో ఒకటి; ఆంధ్ర అసోసియేషన్ ఉన్నది ఇక్కడనే. వరుసగా కంపెనీ క్వార్టర్లు, ప్రతి ఇంటి ముందు ఒక మామిడి చెట్టో వేప చెట్టో. మా మార్గదర్శి ఒక ఇంటి ముందు సైకిలు నిలిపాడు.

“నేను ఇక్కడే పుట్టాను మాస్టారూ. ఆ మామిడి మా తాత నాటిందే.”

“ఇప్పుడు ఎవరుంటున్నారు నాయనా?”

“తెలీదండి. నాన్న రిటైరయ్యాక ఖాళీ చేసేశాం కదా.”

క్వార్టరు ఉద్యోగానికి చెందినది గాని మనిషికి చెందినది కాదు. తాత, తండ్రి, కొడుకు వరుసగా ఒకే కర్మాగారంలో పని చేసినంత కాలం ఈ సంగతి ఎవరికీ తోచలేదు. కాని 1990ల ఆరంభంలో డెబ్బై వేలు దాటి ఉండిన ఉద్యోగుల సంఖ్య, కొత్త యంత్రాలతోనూ స్వచ్ఛంద విరమణ పథకాలతోనూ, పదిహేనేళ్లలో సుమారు సగానికి దిగింది. ఉక్కు ఉత్పత్తి పెరిగింది. ఉక్కు చేసే చేతులు తగ్గాయి. మూడు తరాలు కొలిమి వద్ద గడిపిన కుటుంబంలో నాలుగవ తరంవాడు సైకిళ్లు అద్దెకిచ్చి ఊరు చూపడానికి కారణం ఇది. అతని కుటుంబం నది దాటి మాంగోలో చిన్న ఇల్లు కట్టుకున్నది. అతని మాటలో నిష్ఠూరం లేదు. మామిడి చెట్టు వైపు మాత్రం రెండుసార్లు చూశాడు.

సోనారీ మీదుగా దోముహానీ చేరేసరికి పొగమంచు విడుతున్నది. ఖర్కాయీ నది వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటు ఇది. దోముహానీ అంటే రెండు ముఖాలు. ఈ నీరే ఈ నగరానికి పుట్టుక. భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోస్ 1904 ఫిబ్రవరి 24న జంషెడ్జీకి వ్రాసిన ఉత్తరం మయూర్‌భంజ్ కొండలలోని ఇనుప ఖనిజాన్ని గురించి తెలిపింది. ఆ మే నెలలోనే జంషెడ్జీ జర్మనీలో కన్నుమూశారు. ఖనిజం ఉన్నది, బొగ్గు ఉన్నది, నీరెక్కడ? అన్వేషణకు బయలుదేరిన వెల్డ్, శ్రీనివాసరావులు 1907 చివరలో ఈ సంగమానికి సమీపాన సాక్చీ గ్రామాన్ని, దానికి దాపున కాళీమాటీ రైలు స్టేషనును కనుగొన్నారు. 1908లో పని మొదలైంది. 1911 డిసెంబరులో మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు వెలువడ్డాయి. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటీ స్టేషను టాటానగర్ అయింది.

చరిత్ర పుస్తకాలలో ఇంతవరకే ఉంటుంది. ఒడ్డున ఒక చెట్టు క్రింద పొయ్యి రాజేసి కూర్చున్న ఆదివాసీ స్త్రీ బాండీలోనుండి తీస్తున్న వస్తువును చూసినప్పుడు మాత్రం నేను నిలువునా ఆగిపోయాను. గుండ్రంగా, గోధుమ రంగులో, అంచులు కొంచెం ఎర్రబడి! “ఏమిటమ్మా ఇది?” అని నా వచ్చీరాని హిందీలో అడిగితే, “అర్సా” అన్నది. బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే దంచి, ఆ పిండిని బెల్లపు పాకంలో కలిపి, నూనెలో వేయించినది. మన అరిసె! ఒడియావారు అరిసా పిఠా అంటారు. మన ఇండ్లలో చెక్కల నడుమ నొక్కి నూనె పిండుతారు. ఇక్కడ పిండలేదు, అందుచేత కొంచెం బరువు. రుచిలో తేడా అంతే.

ఇక్కడివారి టుసూ పండుగ కూడ మకర సంక్రాంతికే వస్తుంది. ఆనాడు రంగు కాగితాలతో అలంకరించిన చౌడళ్లను మోసుకొని పాటలు పాడుతూ స్త్రీలు ఈ నదులకు వస్తారు. దోముహానీ ఒడ్డున పెద్ద తిరునాళ్ల జరుగుతుంది. ఇంటింటా పిఠాలు వండుతారు. టెక్కలినుండి చెంబు, దుప్పటి పట్టుకొని వచ్చిన మనిషి తన మొదటి సంక్రాంతినాడు ఈ ఒడ్డున ఏమి చూచి ఉంటాడో ఊహించాను. తన పండుగ, తన పిండివంట, ఇంచుమించు అదే పేరుతో, తనకంటే ముందే ఇక్కడ ఉన్నది. ఆ పూట అతనికి ఊరు కొంత దగ్గరై ఉంటుంది.

అయితే ఆ స్త్రీ పూర్వులకు ఈ నగరం ఏమి మిగిల్చిందన్న ప్రశ్న కూడ ఆ ఒడ్డుననే ఉన్నది. కర్మాగారం లేచినచోట ఉన్నవి సంతాలుల, హోల, భూమిజుల పల్లెలు. పునాదులు తవ్వినవారిలో, తట్టలు మోసిన ‘రేజా’లలో వారి స్త్రీలు అనేకులు. కాళీమాటీ, సాక్చీ అన్న పాత పేర్లలో మొదటిది రైలు పట్టికనుండి పోయింది. రెండవది బజారు పేరుగా మిగిలింది.

సువర్ణరేఖ వెంబడి సాగే రోడ్డును ఇక్కడివారు మెరీన్ డ్రైవ్ అంటారు. సముద్రం లేకపోయినా పేరుకేమి లోటు? లారీలు వచ్చే దారి గనుక ఒకరి వెనుక ఒకరు వరుసగా తొక్కాము. ఎదుట దూరాన దల్మా కొండలు, ఏనుగులు తిరిగే అడవి. ఆ దారినే సాక్చీ బజారుకు వచ్చాము.

సాక్చీలో ముందు ధుస్కా. బియ్యము, శనగపప్పు నానబెట్టి రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి, గరిటెతో నూనెలో జారవిడిస్తే పూరీవలె పొంగుతుంది. శనగల ఘుగ్నీతో తినాలి. వేడిగా ఉన్నప్పుడు అమోఘం. చల్లారితే నా అభిప్రాయంలో దానికి దూరంగా ఉండడమే మేలు. తరువాత లిట్టీ-చోఖా. గోధుమపిండి ముద్దలో, వాము, ఉల్లి, ఆవనూనె కలిపిన సత్తును పెట్టి, నిప్పులమీద కాల్చి, నేతిలో ముంచుతారు. చోఖా అంటే కాల్చిన వంకాయను, ఉడికించిన బంగాళాదుంపను పచ్చి ఆవనూనెతో మెదిపినది. మన కాల్చిన వంకాయ పచ్చడికి దూరపు బంధువు. సత్తు అనగా వేయించిన శనగల పిండి. త్వరగా చెడదు, నీటిలో కలిపి ఉప్పు, ఉల్లిపాయతో త్రాగినా కడుపు నిండుతుంది. భోజ్‌పూర్, ఛప్రాల నుండి పొయ్యి లేని గదులకు వచ్చిన కూలీకి ఇంతకంటె తగిన ఆహారం ఏముంటుంది?

ఇక్కడే నగర నిర్మాణ పథకాల సంగతి గుర్తుకు వచ్చింది. పిట్స్‌బర్గ్‌కు చెందిన కెనెడీ, సాలిన్‌లు మొదటి పటం గీశారు. 1920 ప్రాంతంలో టెంపుల్, 1936లో స్టోక్స్, 1940లలో జర్మన్ శిల్పి కోనిగ్స్‌బెర్గర్ దానిని విస్తరించారు. ఈయనే తరువాత భువనేశ్వర్‌కు పథకం రచించారు. నలుగురు పథకాలు వేసినా ప్రతిసారీ జనం వారి అంచనాలను దాటిపోయారు. పటంలో చోటు దొరకనివారు అంచులలో బస్తీలు వేసుకున్నారు. నేను ఆ ఉదయం తిన్న మంచి వంటకాలలో ఒక్కటైనా పటంలో గీసిన కట్టడం లోపల వండినది కాదు. అన్నీ పందిరి క్రింద, చెట్టు క్రింద, చక్రాల బండిమీద.

జూబిలీ పార్కు ద్వారం వద్ద సైకిళ్లు నిలిపి కొంతసేపు నడిచాము. కంపెనీ స్వర్ణోత్సవ కానుకగా మైసూరు బృందావనాన్ని తలపించేటట్లు నిర్మించిన ఈ ఉద్యానాన్ని 1958 మార్చి 1న నెహ్రూ ప్రారంభించారు. అందంగానే ఉన్నది. కాని అరిసె తిన్న నోటికి గులాబీల వరుసలు కొంత చప్పగా తోచిన మాట నిజం.

పది గంటలకు బిష్టుపూర్ చేరాము. ఈ ఊరినుండి బంధువులకు తీసుకొని పోయే చనాచూర్ పొట్లాలు రెండు కొన్నాను. బ్యాటరీలో ఇంకా మూడవవంతు శక్తి మిగిలి ఉన్నది. అతడు సైకిళ్లను ఒక్కొక్కటిగా తుడిచి గొలుసులకు నూనె వేస్తున్నాడు. చలికాలం నాలుగు నెలలు పని బాగుంటుందట. ఎండాకాలంలో తెల్లవారుజాము మాత్రమే. వానలలో దాదాపు లేదు. కర్మాగారంలో ఒక కాంట్రాక్టరు వద్ద ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి ఉన్నాడు.

“పిలుపు వస్తే వెళతావా?”

“వెళ్తానండి. నాన్నకి అదే ఆశ.” చేతులు తుడుచుకొని కొంచెం నవ్వాడు. “సైకిళ్లు చెల్లెలికి అప్పగిస్తాను మాస్టారూ. దానికి ఊరు నాకంటే బాగా తెలుసు. బేరమాడ్డం కూడానూ.”