ఇంటి నేల – బిడ్డ కడుపు

కడుపులో పురుగులకు మందు వేయించుకొని వెళ్ళిన బిడ్డ కొన్ని నెలలకే మళ్ళీ వస్తాడు. "సిస్టర్ గారూ, మందు పని చేయలేదండీ" అంటుంది తల్లి. మందు పని చేసింది. కాని బిడ్డ మళ్ళీ ఆ మట్టి నేల మీదే పాకుతున్నాడు.

మెక్సికోలోని కొవాయిలా రాష్ట్రంలో 2000లో 'పీసో ఫిర్మే' (గట్టి నేల) అనే పథకం మొదలైంది. పేదల ఇళ్ళలో 50 చదరపు మీటర్ల వరకు సిమెంటు గచ్చు వేయించారు. ఇంటికి అయిన ఖర్చు సుమారు 150 డాలర్లు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, మరికొందరు కలిసి 2005లో గచ్చు వచ్చిన కుటుంబాలను, పథకం లేని పక్క పట్టణాల కుటుంబాలతో పోల్చి చూశారు. మట్టి నేల పూర్తిగా పోయి గచ్చు వస్తే చిన్నపిల్లల్లో పురుగులు 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గుతాయని 2009లో ప్రకటించారు. తల్లుల దిగులు కూడా తగ్గింది.

కారణం తేలికే. తడి మట్టిలో పురుగుల గుడ్లు చాలాకాలం బ్రతుకుతాయి. బిడ్డ చేతులకు అంటి నోటిలోకి పోతాయి. గచ్చునైతే కడగవచ్చు, త్వరగా ఆరుతుంది.

అందుకే మేము చెప్పేదేమంటే, ఇల్లు బాగు చేయించేటప్పుడు గోడల రంగుల కంటే ముందు బిడ్డ పాకే గదికి గచ్చు వేయించండి. అంతవరకు చాప పరచి, దాన్ని తరచు ఉతికి ఎండబెట్టండి. బిడ్డ చేతులు సబ్బుతో కడగండి. మరుగుదొడ్డి వాడండి. గచ్చు వేయించినా డాక్టరు చెప్పిన మందు మానవద్దు.