జూలైలో కూలర్ ఎందుకు మొండికేస్తుంది?

బదిలీ మీద కరోల్ బాగ్ వచ్చిన మన కుటుంబాలు తొలి వేసవిలోనే కూలర్ కొంటాయి. మేలో దాని ముందు కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. జూలై వచ్చేసరికి అదే కూలర్, అదే పంపు, అదే గడ్డి. దుప్పట్లు చెమ్మగిల్లడమే తప్ప చల్లదనం ఉండదు. మెకానిక్‌ను పిలిస్తే గడ్డి మార్చి డబ్బులు తీసుకుపోతాడు. పాపం, లోపం కూలర్లో లేదు, గాలిలో ఉంది.

నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. అదీ కొంచెం కాదు. లీటరు ఐస్ నీళ్లను మరిగేదాకా కాచడానికి ఎంత వేడి పడుతుందో, గదిలో ఉన్న లీటరు నీరు ఆవిరి కావడానికి దానికి సుమారు ఆరు రెట్లు పడుతుంది. కూలర్ గడ్డి మీద జారే నీరు ఆ వేడిని లోపలికి వచ్చే గాలి నుంచే లాక్కుంటుంది. అందుకే గాలి చల్లబడుతుంది. మన పెద్దవాళ్లు గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిందీ, కొత్త కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ లెక్కతోనే.

అయితే గాలిలో ఆవిరి పట్టడానికి ఒక హద్దు ఉంది. 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 51 గ్రాముల దాకా పడుతుంది, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములే. మే మధ్యాహ్నం రాజస్థాన్ వైపు నుంచి వీచే వడగాలి, ఇక్కడివాళ్లు 'లూ' అంటారు, దాదాపు ఖాళీ సంచితో వస్తుంది. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజున తడి గడ్డి ఆ గాలిని 22 డిగ్రీల దాకా దించే వీలుంది. జూలైలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ అయితే 30 దగ్గరే ఆగిపోతుంది. విజయవాడ, కాకినాడల నుంచి వచ్చినవారికి ఈ ఉక్కపోత కొత్తేమీ కాదు. అన్నట్టు, తలుపులూ కిటికీలూ బిగించి కూలర్ నడిపితే మేలోనూ ఇదే గతి. తడిసిన గాలి బయటికి పోవడానికి దారి ఉండాలి.

మనకు పక్కనే, పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో నాలుగడుగుల వెడల్పు తొట్టిలో నీళ్లు పోసి, రోజుకెంత తగ్గిందో కొలుస్తారు. నడివేసవిలో ఆ తగ్గుదల 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే చదరపు మీటరుకు 10 లీటర్లు చడీచప్పుడూ లేకుండా పైకి పోతాయన్నమాట. రిడ్జ్ మీది చెట్లు వేళ్లతో తోడి ఆకుల గుండా వదిలే నీరు దీనికి అదనం.

పైకెళ్లిన ఆవిరి చల్లబడి మబ్బవుతుంది. కింద తీసుకున్న వేడినంతా అక్కడ వదిలేస్తుంది, ఆ వేడితోనే మబ్బు ఇంకా పైకి లేస్తుంది. ఆవిరి ఆకాశంలో ఉండేది సగటున 9 రోజులే. కాబట్టి మేలో పూసా తొట్టి నుంచి పోయిన నీరు జూలైలో మన డాబా మీద పడదు. ఇక్కడి వానకు ఆవిరి చాలావరకు అరేబియా సముద్రం, బంగాళాఖాతాల నుంచి రావాల్సిందే. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరాల దగ్గర పుట్టే అల్పపీడనాలు వాయవ్యంగా కదిలి ఒక్కోసారి ఇంతదూరం మోసుకొస్తాయి.

2024 జూన్ 28 ఉదయానికి సఫ్దర్‌జంగ్‌లో 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్లు కురిసింది. జూన్ నెలలో ఒక్కరోజున అంత వాన 1936 తర్వాత మళ్లీ అప్పుడే. (పూసా సంస్థ బీహారు నుంచి ఢిల్లీకి తరలివచ్చిందీ 1936లోనే.) అంత వాన 60 గజాల డాబా మీద పడితే 11 వేల లీటర్ల పైమాటే. వెయ్యి లీటర్ల ట్యాంకులు పదకొండు నిండుతాయి.

మట్టి నేలయితే కొంత ఇంకేది, ఇంకినది మళ్లీ మెల్లగా ఆవిరై వీధిని చల్లబరిచేది. మన గల్లీల్లో మట్టి ఎక్కడుంది? ఎండాకాలం ఆవిరి కావడానికి తడి లేక వేడంతా గోడల్లోకి దిగుతుంది, రాత్రి దాకా సెగ తగ్గదు. వానాకాలం నీళ్లన్నీ పల్లానికి పరుగెడతాయి.

2024 జూలై 27 సాయంత్రం, మనకు కూతవేటు దూరంలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వీధి నీరు చొచ్చుకొచ్చి, అక్కడి లైబ్రరీలో చదువుకుంటున్న ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. సివిల్స్ కోసం తెలుగు పిల్లలు ఎందరో దిగేది ఆ వీధుల్లోనే.

మీవాళ్లకు గది చూడటానికి వెళ్లినప్పుడు, చదువుకునే హాలు రోడ్డు కన్నా కింద ఉందా, బయటికి రెండో దారి ఉందా అని అడగండి. వీధిలో పాత కిరాణా కొట్టు ఉంటే అక్కడా ఒకమాట అడగండి. జూలైలో నీళ్లు ఎంత ఎత్తు దాకా వస్తాయో గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు.