వెండి రూపాయిపై రంగు.. మకిలా? మెరుగా?

బీర్కూర్: దీపావళి వస్తున్నదంటే మంజీర తీర గ్రామాలలోని పాత ఇళ్లలో సందుగలు తెరుచుకుంటాయి. అడుగున దాచిన గుడ్డమూటలోంచి తాతల నాటి వెండి రూపాయలు లక్ష్మీపూజకు బయటికి వస్తాయి. వాటిలో ఒకటి బొగ్గులా నల్లబడి ఉంటుంది. మరొకటి అంచున నీలంగా, కాస్త లోపలికి ఊదాగా, నడుమ తేనెరంగులో కనిపిస్తుంది. పూజాపీఠంపై ఉంచే ముందు వాటిని చింతపండుతోనో, విభూతితోనో తళతళలాడేలా తోమడం ఇంటింటా ఉన్నదే. సరిగ్గా ఈ తోముడు దగ్గరే నాణేల సేకర్తలు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఆ రంగే నాణేనికి అందమని, దానికి అదనపు ధర ఇవ్వవచ్చని ఒక వర్గం వాదిస్తుంది. వెండికి పట్టిన చిలుముకు డబ్బు ఇవ్వడమేమిటని రెండో వర్గం నిలదీస్తుంది. ఈ తగవు సంగతి తెలియక నాణేన్ని తోమినవారు, తెలియక రంగు నాణేన్ని కొన్నవారు ఇద్దరూ నష్టపోతున్నారు.

ఇళ్లలో ఉన్నవి రెండు రకాలు

ప్రస్తుతం కామారెడ్డి జిల్లాలో ఉన్న బీర్కూర్, 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. 1948 వరకు ఈ ప్రాంతమంతా నిజాం పాలనలోనిదే. కనుక ఇక్కడి పాత మూటలలో సాధారణంగా రెండు రకాల వెండి రూపాయలు కలగలిసి ఉంటాయి. మొదటిది హైదరాబాద్ రాజ్యపు సొంత నాణెమైన హాలీ సిక్కా. రెండోది బ్రిటిష్ ఇండియా రూపాయి. యంత్రంపై అచ్చయినది కనుక దీనిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇండియా రూపాయలకు సమానమన్న లెక్కను నాటి తరం నోటికి చెప్పేది. హైదరాబాద్ భారతదేశంలో కలిసిన తరువాత కూడా హాలీ సిక్కా కొంతకాలం చెలామణిలో ఉండి 1959లో పూర్తిగా తెరమరుగైంది.

హైదరాబాద్‌లోని సైఫాబాద్ టంకశాలలో యంత్రాలతో నాణేల ముద్రణ మొదలైన తరువాత, హిజ్రీ 1321 నుంచి, అంటే 1903-04 నుంచి, రూపాయి మీదికి చార్మినార్ బొమ్మ వచ్చింది. ఆ కట్టడపు ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం నాటిది, 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటిది. నాణెంపై ఉండే సంవత్సరం హిజ్రీ లెక్కలో ఉంటుంది. ఉదాహరణకు 1330 అంటే దాదాపుగా 1912. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు తూగేది. 1940కి ముందు దానిలో వెండి 91.7 శాతం. యుద్ధకాలంలో, 1940లో, ఆ పాలు సగానికి పడిపోయింది. 1947లో వచ్చిన రూపాయి పూర్తిగా నికెల్‌తో చేసినది, దానిలో వెండి లేదు.

ఈ అంకెలకు రంగులతో నేరుగా సంబంధం ఉంది. మిశ్రమంలో వెండి ఎక్కువగా ఉన్న కొద్దీ రంగులు తేటగా తేలుతాయి. రాగి పాలు పెరిగితే గోధుమ, బూడిద ఛాయలు ముందుకు వస్తాయి. ఒకే మూటలో దశాబ్దాలు పక్కపక్కన ఉన్నా ఐదో జార్జి బొమ్మ కల్దార్ నీలి అంచుతోనూ, చార్మినార్ రూపాయి మట్టిరంగుతోనూ బయటపడటానికి ఇదొక కారణం. సగం వెండి మాత్రమే ఉన్న 1940ల నాటి నాణేలైతే తరచూ మచ్చలు మచ్చలుగా మాసిపోతాయి. వాటిపై ఏ వర్గం సేకర్తలకూ పెద్దగా మోజు లేదు.

గాలిలోని గంధకం చేసే పని

వెండి నల్లబడటానికి మూలం గాలిలో స్వల్పంగా ఉండే గంధకపు వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్. మురుగు కాలువ, కుళ్లిన చెత్త, నీరు నిలిచిన బురద నుంచి అది వెలువడుతుంది. ఉన్ని బట్ట, రబ్బరు బ్యాండ్, చవక అట్టపెట్టె కూడా గంధకాన్ని విడుదల చేస్తాయి. ఆ వాయువు వెండితో కలిసి నాణెంపై సిల్వర్ సల్ఫైడ్ అనే పలుచని పొరగా ఏర్పడుతుంది. తొలి రంగులు కనిపించే దశలో ఆ పొర మందం మనిషి వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు అటూఇటూగా ఉంటుంది.

ఆ పొర రంగువేసినట్లు పూత కాదు. వాన పడిన రోడ్డుపై పెట్రోలు ఒలికినప్పుడు, సబ్బు బుడగ ఎండలో ఎగిరినప్పుడు కనిపించే రంగుల వంటివే ఇవి కూడా. పొర పైభాగం నుంచి కొంత కాంతి, అడుగున ఉన్న వెండి నుంచి కొంత కాంతి తిరిగి వచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి. పొర మందాన్ని బట్టి కొన్ని రంగులు అణగిపోయి, మిగిలినవి కంటికి అందుతాయి. అందుకే వీటికి ఒక వరుస ఉంటుంది. మొదట లేత పసుపు, తరువాత తేనెరంగు, ఎర్రటి నారింజ, ఊదా, నీలం వస్తాయి. పొర ఇంకా మందమైతే మళ్లీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ ఛాయలు తిరిగి కనిపించి, చివరికి అన్నీ నలుపులో కలిసిపోతాయి. గాలి ఎక్కువగా తగిలేది అంచుకే కనుక పొర సాధారణంగా అక్కడ మందంగా, నడుమ పలుచగా ఉంటుంది. నడుమ తేనె, అంచున నీలం కనిపించడంలోని రహస్యం ఇంతే.

మోజు ఒకరిది.. విముఖత మరొకరిది

రంగు నాణేలపై మోజు బాగా ముదిరినది అమెరికాలో. అక్కడ 1878 నుంచి ముద్రించిన మోర్గన్ వెండి డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచులలో కట్టి ప్రభుత్వ ఖజానాలలో దశాబ్దాల పాటు ఉంచారు. సంచి గుడ్డకు ఆనుకుని ఉన్న నాణేలకు ఒకవైపు ఇంద్రధనుస్సు రంగులు పట్టాయి. కొన్నింటిపై ఆ గుడ్డ నేత గుర్తు కూడా కనిపిస్తుంది. 1986లో పీసీజీఎస్, ఆ మరుసటి ఏడాది ఎన్‌జీసీ అనే సంస్థలు నాణేల నాణ్యతకు అంకెలు వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేయడం ప్రారంభించాయి. దాంతో ఒకే సంవత్సరం, ఒకే నాణ్యత అంకె ఉన్న రెండు డాలర్లలో రంగున్నది తెల్లదానికంటే అనేక రెట్లు ధర పలకడం మామూలైపోయింది. బ్రిటన్ పాతకాలపు సేకర్తల అభిరుచి ఇందుకు భిన్నం. చెక్క బీరువాల సొరుగులలో ఏళ్లతరబడి ఉన్న నాణేనికి పట్టే నెమ్మదైన నీలిబూడిద ఛాయనే వారు పెద్దరికంగా భావించేవారు. ముదురు గులాబీ, చిలకపచ్చ రంగులు వారి కంటికి ఆర్భాటంగా తోచేవి.

మన ప్రాంతంలో వెండి అంటే తెల్లగా మెరవాలి. పెళ్లిలో పెట్టే పళ్లెం దగ్గర నుంచి పూజలో ఉంచే రూపాయి వరకు ఇదే కొలత. నల్లని నాణెం పట్టుకెళితే అవుసలివారు ముందు గీటుపెట్టి చూస్తారు, ఆపై తూకం వేస్తారు. వారికి రంగుతో పని లేదు. తెల్ల నాణేన్ని కోరే సేకర్తల మాటలోనూ న్యాయం లేకపోలేదు. రంగు ఎంత అందంగా ఉన్నా అది లోహం చెడటంలో ఒక మెట్టు. ఆగకుండా సాగితే నలుపు లోతుకు దిగి, తరువాత తీసినా ఉపరితలం గుంటలు పడి ఉంటుంది. పైగా ముదురు రంగు కింద గీతలు, పాత తోముడు గుర్తులు దాక్కుంటాయి.

రంగును కోరేవారి సమాధానం కూడా తేలికగా తోసివేయదగినది కాదు. వరుస తప్పని పలుచని పొర నాణెంపై ఉన్నదంటే, చాలాకాలంగా దానిని ఎవరూ రుద్దలేదని అర్థం. కొత్తగా అచ్చయిన నాణెం ఉపరితలంపై లోహం ఒత్తిడికి జారిన సన్నని రేఖలు ఉంటాయి. నాణేన్ని వెలుగులో తిప్పితే బండిచక్రపు ఆకుల్లా కాంతి తిరిగేది ఈ రేఖల వల్లనే. విభూతితో ఒక్కసారి గట్టిగా రుద్దితే ఆ రేఖలు పోతాయి. పొర మళ్లీ ఏర్పడుతుంది గాని, రేఖలు తిరిగి రావు. ఈ ఒక్క విషయంలో రెండు వర్గాలదీ ఒకే మాట: తోమిన నాణెం ఇద్దరికీ అక్కరలేదు. తెల్లదనం కోరేవారు అడిగేది టంకశాల నుంచి వచ్చిన తెల్లదనమే, చింతపండు ఇచ్చిన తెల్లదనం వారి లెక్కలోకి రాదు.

వంటసోడా కలిపిన వేడినీటిలో అల్యూమినియం రేకుపై నాణెం పెట్టే చిట్కా చాలామందికి తెలుసు. రుద్దుడు లేదు కనుక ఇది చింతపండు కంటే మేలే. సల్ఫైడ్ తిరిగి వెండిగా మారుతుంది. అయితే అలా మారిన వెండి పాత నునుపుతో కాక సున్నం కొట్టినట్లు వెలవెలబోతూ మిగలవచ్చు. ఆభరణాల దుకాణాలలో వాడే డిప్ ద్రావణం పొరతో పాటు అందులో కలిసిన వెండిని కూడా తీసుకుపోతుంది. ఒకటి రెండు సార్లకు తెలియకపోయినా, పదే పదే ముంచితే నాణెం జీవం పోతుంది.

తవ్వకాలలో బయటపడిన నాణేలకు ఈ తర్కమంతా వర్తించదు. కోటిలింగాల వంటి చోట్ల దొరికిన ప్రాచీన నాణేలు మట్టి, ఉప్పులు గట్టిపడి గుర్తులే కనిపించని స్థితిలో ఉంటాయి. శుభ్రం చేస్తే తప్ప అవి ఎవరివో చదవలేరు. ఆ పని ప్రయోగశాలలో నిపుణులు చేస్తారు. పొలం దున్నుతుండగా దొరికిన మూటను ఇంట్లో తోమడం అటుంచి, దాచుకోవడానికే చట్టం ఒప్పుకోదు. రెవెన్యూ అధికారులకు తెలపాల్సిందే.

పొయ్యి మీద పుట్టే ఇంద్రధనుస్సు

రంగుకు ధర ఉన్నదని తెలిసిన చోట రంగు తయారీ కూడా మొదలవుతుంది. గంధకపు రసాయనాలలో ముంచి, లేదా గంధకం ఉన్న కాగితంలో చుట్టి వేడిచేసి, దశాబ్దాల పనిని గంటలలో పూర్తిచేస్తారు. ఉడికించిన గుడ్డును నాణెంతో పాటు సంచిలో మూసిపెట్టినా రంగు పడుతుంది. లోహంపై ఏర్పడేది రెండు సందర్భాలలోనూ సల్ఫైడే కనుక దొంగరంగును పట్టుకోవడం అనుభవజ్ఞులకు సైతం కష్టమే. సందేహం ఉంటే పైన చెప్పిన సంస్థలు రంగు అనుమానాస్పదమని రాసి, నాణ్యత అంకె వేయడానికి నిరాకరిస్తాయి.

అయినా కొన్ని గుర్తులు ఉన్నాయి. సహజంగా వచ్చిన రంగులు వరుస తప్పవు, పసుపు నుంచి ఒక్కసారిగా ముదురు నీలానికి దూకవు. ఒక రంగు మరొకదానిలోకి మెల్లగా జారుతుంది. గీతలోనూ, గీత పక్కనా ఒకే ఛాయ గాఢంగా ఉంటే గీత పడిన తరువాతే రంగు వచ్చిందన్నమాట. అక్షరాలు సగం అరిగిన నాణెంపై మెరిసే ఇంద్రధనుస్సు కనిపిస్తే మరింత జాగ్రత్త అవసరం. చేతులు మారి అరిగిన వెండి సాధారణంగా బూడిద, గోధుమ ఛాయలకే పోతుంది. రంగు పూసిందేమోనన్న అనుమానం శుద్ధమైన ఎసిటోన్‌తో తీరుతుంది. పెయింటు, జిగురు కరిగిపోతాయి, సల్ఫైడ్ పొర మాత్రం చెక్కుచెదరదు.

మొదటిసారి కొనేవారికి రంగుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకపోవడమే క్షేమం. చార్మినార్ రూపాయలు పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయి. అరిగిన వాటి విలువ వెండి ధరకు దగ్గరగానే ఉంటుంది. పాత నాణేనికి లక్షలు ఇస్తామంటూ ఫోన్ చేసి ముందుగా రుసుము కట్టమనేవారిని నమ్మవద్దని, తమ పేరు వాడుకుని ఇటువంటి మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రజలను హెచ్చరించింది.

ఇంట్లో ఉన్న నాణేలను కదపకుండా ఉంచదలిస్తే పెద్ద ఖర్చేమీ లేదు. అంచులు పట్టుకుని తీయాలి, బొమ్మపై వేలు పెట్టకూడదు. రబ్బరు బ్యాండ్, వార్తాపత్రిక, మెత్తని పీవీసీ కవరు మానుకోవాలి. పీవీసీ కాలక్రమంలో ఆకుపచ్చని జిగురును వదులుతుంది, దానిని చూసి రంగు వచ్చిందని మురిసినవారూ ఉన్నారు. ఒక్కో నాణేన్ని విడిగా గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, తేమ తగలని చోట ఉంచితే చాలు. పూజకు ఒకటి రెండు కావాలంటే, ఇంతకుముందే తోమి ఉన్నవాటిని అందుకు కేటాయించి మిగిలినవాటి జోలికి పోకపోవడం మేలు.

లంబాడా మహిళల పాత హారాలలోని రూపాయలకు, అణాలకు మాత్రం ఈ తగవు అంటదు. కొండి అతికించడంతోనే అవి సేకర్తల జాబితా నుంచి తప్పుకున్నాయి. మెడలో ఉన్నంతకాలం ఒంటికీ బట్టకూ రాసుకుంటూ ఉంటాయి కనుక, ఏ రంగూ పట్టకుండా అవి తెల్లగానే ఉంటాయి.